రెండువందల పన్నెండో కాగితం

చేతికర్రను నేలకేసి టక్కున కొట్టి రచయిత్రిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారని చెప్పి పోయినవారం మిమ్మల్ని వదిలేశాను. ఆవిడ ఇంకా నిలబడే ఉన్నారు. డెబ్బై ఏళ్ల మనిషిని ఏడు రోజులుగా అలా నిలబెట్టినందుకు మీలో కొందరైనా నన్ను తిట్టుకునే ఉంటారు. కొత్తగా వచ్చినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పేసి, ఆవిణ్ణి కూర్చోబెడతాను.

ఆదివారం మధ్యాహ్నం. టైలరు షాపు పైన ఉన్న గది. గది మధ్యలో గుడ్డ కత్తిరించే పెద్ద బల్ల, దాని అంచు పొడుగునా అంగుళాల గీతలు. ఆ బల్ల మీద ఇవాళ గుడ్డలు లేవు, ఒక రాజ్యం ఉంది. కొలతల కాగితం మీద గీసిన దారులు, కోటలు, వాటి మధ్యగా నీలం రంగు లైనింగు గుడ్డతో పరిచిన నది. మనుషులకు బదులు గుండీలు. ప్రెస్సులో ఇరవై రెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న మన ప్రూఫురీడరమ్మ, తనకు పంచప్రాణాలైన 'ఏడు రేవుల కథ' అనే అయిదు భాగాల నవలను ఇలా బల్ల మీద ఆడుకునే ఆటగా మార్చింది. ఆట తీరు తేలికే. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు నవలలోని మనుషుల్లో తలా ఒకరై, "నేనైతే ఇలా చేస్తాను" అని చెబుతారు. చేసింది ఫలిస్తుందో బెడిసికొడుతుందో పాచికలు చెబుతాయి.

మూడేళ్లు పట్టింది ఆమెకు దీన్ని తయారుచెయ్యడానికి. రచయిత్రిగారు అనుమతి పత్రం మీద సంతకం పెడితే ఆట అచ్చవుతుంది. లేదంటే ఈ బల్ల దిగదు. నవలను నాటకం వేస్తామని, బొమ్మల పుస్తకం చేస్తామని వచ్చినవాళ్లను గుమ్మంలోంచే సాగనంపిన ఆవిడ, దీన్ని మాత్రం "మీరు ఆడుతుంటే చూస్తాను" అంటూ మెట్లెక్కి వచ్చారు. గంటన్నరసేపు ముచ్చటగా చూశారు కూడా. ఆట మూడో రేవుకు చేరింది. టైలరు మావయ్య, అంటే ప్రూఫురీడరమ్మకు స్వయానా మేనమామ, తన మనిషైన పడవక్కను నది మీదికి దించాడు. పడవక్క అంటే ఒక ఇత్తడి తొడుగు, కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా ఆయన వేలికి పెట్టుకునేది. అదుగో, అప్పుడే కర్ర చప్పుడైంది.

"చచ్చిపోయిన మనిషి పడవెలా నడుపుతుందండీ?" అన్నారు రచయిత్రిగారు.

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. టైలరు మావయ్య అటూ ఇటూ చూసి, చచ్చింది తానే అయినట్టు ఛాతీ తడుముకున్నాడు.

"పడవక్క చచ్చిపోయిందా? ఎప్పుడండీ?" అంది ప్రూఫురీడరమ్మ ఆడపడుచు. మందుల షాపులో పనిచేసే ఆ పిల్ల ఈ ఆటలో తాళాలు తీసే దొంగ. "మాకెవరూ చెప్పలేదే!"

"నేను చెప్పానుగా. మూడో భాగంలో. కాగితం నిండా రాశాను."

ప్రూఫురీడరమ్మ మాత్రం కంగారు పడలేదు. కంగారెందుకు? ఆ నవలలో ఏ వాక్యం ఏ పేజీలో ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. ఆమెకున్న గొప్ప అదే, లోపమూ అదే. ఆట నడిపేటప్పుడు పుస్తకంలో లేని మాట ఒక్కటి కూడా ఆమె నోట రాదు. "వదినా, ఆ తలుపు వెనక ఏముంది?" అని ఆడపడుచు అడిగితే పేజీలు తిరగేసి, "తలుపు వెనక ఏముందో రాయలేదు, అందుకని తలుపు తెరుచుకోదు" అంటుంది. ఈ మాట మీద ఇంట్లో ఎన్ని జోకులున్నాయో చెప్పలేను. ఆమె రాసిన నియమాల పుస్తకంలో మొట్టమొదటి నియమం కూడా ఆ స్వభావంలోంచి వచ్చిందే: నవలలో చావు రాయని మనిషి బతికి ఉన్నట్టే లెక్క.

మూడో భాగం తీసి, చూడకుండానే పేజీ తెరిచి చదివింది. "'పొగమంచులో పడవక్క తెడ్డు చప్పుడు వాళ్లకు చాలాసేపు వినిపించింది.' అంతేనమ్మగారూ. ఆ తర్వాత అధ్యాయం మారిపోతుంది. అందరూ ఆవలి ఒడ్డున ఉంటారు."

"తర్వాత ఇంకో కాగితం ఉంది."

"లేదండీ."

"రాసిన మనిషిని నేను. మీరు నాకు లేదని చెబుతున్నారా?"

"అచ్చులో లేదు కదండీ," అంది ప్రూఫురీడరమ్మ వినయంగానే. కానీ ఆ వినయంలో కూడా బెత్తెడు ధీమా ఉంది. "నాలుగు, అయిదు భాగాల్లో కూడా ఆవిడ చనిపోయినట్టు ఎక్కడా లేదు."

"ఎందుకుంటుంది? ఆవలి ఒడ్డుకు చేరినవాళ్లు వెనక వదిలొచ్చినవాళ్ల ఊసు ఎత్తకూడదని నేనే నియమం పెట్టాను కదా!" రచయిత్రిగారు కూర్చున్నారు. హమ్మయ్య. "అచ్చయిన నా పుస్తకం నేను తెరవను. మొదట్నించీ అలవాటు. తెరిస్తే మార్చాలనిపిస్తుంది, మార్చలేకపోతే నిద్ర పట్టదు. కానీ పాఠకుల ఉత్తరాలు మాత్రం చదివేదాన్ని. ఇరవై రెండేళ్లుగా ఒకటే గోల. పడవక్క మళ్లీ ఎప్పుడొస్తుందండీ, పడవక్క మళ్లీ ఎప్పుడొస్తుందండీ అని. చచ్చిపోయిన మనిషి ఎప్పుడొస్తుందని అడిగేవాళ్లకి ఏం జవాబు రాస్తాం? వీళ్లకి చదవడం రాదు కాబోలు అనుకుని పక్కన పడేసేదాన్ని."

"మాకు చదవడం వచ్చండీ," అన్నాడు టైలరు మావయ్య చిన్నబుచ్చుకుని.

ఇక్కడ ప్రూఫురీడరమ్మ నోరు మూసుకుని ఉంటే కథ వేరే దారి పట్టేదేమో. కానీ ఆవిడ దగ్గర తన పనితనం కాస్త చూపించుకోవాలని ఆమెకు ఎన్నాళ్లుగానో ఉంది. ఎవరికుండదు? ఏళ్ల తరబడి తాను దిద్దిన అక్షరాల వెనక దాక్కుని, ఆ అక్షరాలు రాసిన మనిషిని దూరం నుంచి ఆరాధించిన ఆడది. ఇప్పుడా మనిషి ఎదురుగా కూర్చుని ఉంది.

"అమ్మగారూ, మీ మూడో భాగం నేను ప్రెస్సులో చేరిన నెలలో దిద్దిన మొదటి పుస్తకం. అందులో ఒక్క అచ్చుతప్పు చూపించండి, ఈ ఆట ఇక్కడే మూసేస్తాను. అచ్చుతప్పులే కాదు, మీ తప్పు కూడా నేనే పట్టుకున్నాను. మీరు కాగితాలకు అంకెలు వేసేటప్పుడు పొరపాటు పడ్డారు. రెండువందల పదకొండు తర్వాత పదమూడు వేసేశారు. నేను చూసి, అక్కడి నుంచి ఆఖరి దాకా నూటతొంభై కాగితాలకు ఎర్రసిరాతో అంకెలు మార్చాను. ఫోర్‌మన్‌గారు అందర్నీ పిలిచి చూపించారు, పని అంటే ఇలా ఉండాలి అని."

ఈ ముచ్చట ఆ ఇంట్లో వినని చెవి లేదు. పెళ్లిచూపుల్లో కూడా చెప్పిందట. ఆడపడుచు అలవాటుగా నవ్వబోయి, రచయిత్రిగారి మొహం చూసి ఆగిపోయింది.

"నేను అంకెలు తప్పు వెయ్యను," అన్నారు రచయిత్రిగారు, నెమ్మదిగా.

ఆవిడ గుడ్డసంచీలోంచి దారంతో కట్టిన కాగితాల కట్ట తీశారు. మూడో భాగం రాతప్రతి. అచ్చయ్యాక ప్రెస్సువాళ్లు తిరిగి పంపినప్పటి దారం ముడి ఇంకా అలాగే ఉంది. ఆటలో ఏదైనా తేడా వస్తే సరిచూద్దామని తెచ్చుకున్నారు. ముడి విప్పడానికి వేళ్లు సహకరించలేదు. టైలరు మావయ్య కత్తెరతో టక్కున తెంపి ఇచ్చాడు.

"నాకు ఈ మధ్య దగ్గరివి కనిపించడం లేదు. మీరే చూడండి," అని కట్టను ప్రూఫురీడరమ్మ ముందుకు తోశారు ఆవిడ. "రెండువందల పన్నెండో కాగితం ఉందా, లేదా?"

నీలం బాల్‌పెన్ను రాత, దాని పక్కనే తన ఎర్రసిరా. ఇరవై ఒక్కేళ్ల వయసులో తాను వేసిన గుర్తులు చూస్తుంటే ఆమెకు గర్వంగానే ఉంది. రెండువందల తొమ్మిది. పది. పదకొండు.

పదకొండో కాగితం అడుగున ఒక చీటీ అంటించి ఉంది. గుర్తుకొచ్చింది. అక్కడ రచయిత్రిగారు నాలుగు వరుసలు కొట్టేసి మళ్లీ రాశారు. అక్షరాలు పేర్చే కంపోజిటరుకు అర్థం కాదని తాను ఆ వరుసలను చీటీ మీద గుండ్రంగా తిరగరాసి అంటించింది. చీటీ ఊడిపోకుండా దాని అంచును కాగితం వెనక్కి మడిచి, ఆ వెనకంతా కూడా మైదా జిగురు పట్టించడం ఆమె అలవాటు. మిగిలినవాళ్లెవరూ అంత శ్రద్ధ తీసుకునేవారు కాదు. ఆ సాయంత్రం పని అక్కడికి ఆపేసి, కట్ట మీద సీసపు దిమ్మ బరువు పెట్టి ఇంటికెళ్లింది. పొద్దున్నే వచ్చి చూస్తే పదకొండు తర్వాత పదమూడు.

ఆమె బొటనవేలు కాగితం అంచు మీద ఆగింది.

ప్రూఫులు దిద్దేవాళ్లకు కళ్ల కంటే ముందు వేళ్లకు తెలుస్తుంది. కాగితం తిప్పేటప్పుడు ఒకటి వచ్చిందా, రెండు వచ్చాయా అన్నది చర్మానికే పట్టుబడుతుంది. ఇరవై ఒక్కేళ్ల పిల్ల వేళ్లకు అప్పుడా సంగతి తెలియదు. నలభై మూడేళ్ల ఈ వేళ్లకు తెలుసు. ఈ కాగితం మిగతావాటి కంటే మందంగా ఉంది. సరిగ్గా రెట్టింపు.

పడవక్క చావు ఎక్కడుందో ఆమెకిప్పుడు తెలుసు. దాన్ని తన చేత్తో, తన శ్రద్ధతో, తన జిగురుతో అంటించేసి, పైగా మిగిలిన అంకెలన్నీ దిద్ది ఆనవాలు కూడా లేకుండా చేసింది. జీవితంలో తాను గొప్పగా చెప్పుకున్న పని ఏదైనా ఉందంటే అది ఇదే.

"ఉందా?" అన్నారు రచయిత్రిగారు.

ఆవిడకు కనిపించదు. మావయ్యకు కాగితాల సంగతి తెలియదు. ఆడపడుచు నది మీది గుండీలు సర్దుతోంది. 'లేదండీ' అని ఒక్క మాట అంటే చాలు, పత్రం మీద సంతకం పడుతుంది. మూడేళ్ల కష్టం గట్టెక్కుతుంది. పడవక్క కూడా బతుకుతుంది. ఎవరికీ నష్టం లేదు. ఈ లెక్కంతా ఆమె మనసులో రెప్పపాటులో తిరిగిందని నేను దాచను. మన మనిషి దేవత కాదు.

కానీ ఇరవై రెండేళ్లు తప్పు కనబడితే కింద గీత గీసిన చెయ్యి. ఊరుకోమంటే ఊరుకోలేదు.

"ఉందమ్మగారూ," అంది. "ఇక్కడే ఉంది. నేనే అంటించేశాను. పదకొండో కాగితం వెనక అతుక్కుపోయింది. తప్పు మీది కాదు. అంకెలు మీరు సరిగ్గానే వేశారు. తప్పంతా నాదే."

ఆడపడుచు చేతిలోని గుండీ జారి బల్ల కింద ఎక్కడికో దొర్లిపోయింది. ఎవరూ వెతకలేదు.

రచయిత్రిగారు "విడదియ్యగలరా?" అని మాత్రం అడిగారు.

ఆ పని టైలరు మావయ్య చేశాడు. మైదా జిగురు ఆవిరికి లొంగుతుందని కాలర్లలో కాన్వాసు అంటించే మనిషికి ఒకరు చెప్పాలా? ఇస్త్రీపెట్టె వేడి చేసి, పలచటి తడిగుడ్డ పరిచి, కాగితానికి తగలకుండా పైపైన ఆవిరి పట్టించాడు. పెళ్లికూతురి పట్టుజాకెట్టుకు కూడా ఆయన అంత జాగ్రత్త పడి ఉండడు. అంచు దగ్గర గోరు దూర్చి, ఊపిరి బిగపట్టి, దారం వెంబడి దారం లాగినట్టు లాగాడు. మెల్లగా, చిరగకుండా, ఒక కాగితం రెండయింది. రెండో దాని తల మీద నీలం రాతలో 212.

"చదవమంటారా?" అంది ప్రూఫురీడరమ్మ. కళ్లనిండా నీళ్లు. అక్షరాలు ఎలాగూ కనిపించడం లేదు.

"వద్దు. అందులో ఏముందో నాకు తెలుసు." రచయిత్రిగారు ఆ తడి కాగితాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నారు. "ఇది రాసిన ఏడే మా అక్క పోయింది. నన్ను వాగు దాటించి బడికి తీసుకెళ్లింది అదే. దాన్నే పడవక్కను చేసి పెట్టుకున్నాను, రెండు భాగాల నిండా తిప్పాను. అది పోయాక ఇక్కడ బతికుంచడం అబద్ధం అనిపించింది. ఒక్క కూర్చోడంలో రాసేశాను. మళ్లీ తిరిగి చదవలేదు."

ఆవిడ టైలరు మావయ్య వైపు తిరిగారు.

"ఎన్నాళ్లుగా నడుపుతున్నారు పడవక్కను?"

"రెండేళ్లండీ. ప్రతి ఆదివారం."

"ఎలా ఉంటుంది మీ దగ్గర?"

మావయ్య ఇబ్బందిగా మెడలోని టేపు సర్దుకున్నాడు. "మహా తిట్టుబోతండీ. పడవెక్కేవాళ్లని ముందు నాలుగు దులిపేస్తుంది. ఇంత బరువు మోసుకొస్తారా, ఇంత ఆలస్యంగా వస్తారా అని. తిట్టడం అయ్యాకే చెయ్యి అందిస్తుంది. భయపడేవాళ్లనైతే ఇంకా ఎక్కువ తిడుతుంది. కోపంలో పడి భయం మర్చిపోతారని. ఇదంతా పుస్తకంలో లేదండీ, ఆడగా ఆడగా అలా వచ్చేసింది. మా మేనకోడలు ఒప్పుకోదు, పేజీ చూపించమంటుంది. తప్పయితే మానేస్తాను."

"నేను రాయలేదు ఆ సంగతి," అన్నారు రచయిత్రిగారు. "రాయాలని తట్టలేదు. కానీ మా అక్క అచ్చం అంతే. వాగు మధ్యలో ఆపి మరీ తిట్టేది."

అప్పుడావిడ బల్ల వైపు చూశారు. దగ్గరివి కనిపించని కళ్లతో, వంగి, వేళ్లతో తడుముతూ. అంగుళాల గీతల మీదుగా పోయే దారి. దొంగ కోసం కుట్టుదారంతో పేనిన తాళాల గుత్తి. కుట్టుమిషను బాబిన్ డబ్బా మూతతో చేసిన పడవ. ఒక్కొక్క రేవు దగ్గర చీమతల అక్షరాలతో ఏ భాగం, ఏ పేజీ. తాను ఒంటరిగా ఒక గదిలో కూర్చుని ఊహించుకున్న దేశంలో ఈ ముగ్గురూ ప్రతి ఆదివారం నడుస్తున్నారు, తప్పిపోతున్నారు, ఒకర్నొకరు చెయ్యిపట్టుకుని లాక్కొస్తున్నారు. ఆవిడ మొహంలో కోపం కోసం వెతికిన ప్రూఫురీడరమ్మకు అక్కడ కోపం దొరకలేదు, మెప్పు దొరికింది. ఇలాంటి మెప్పు ఆవిడ కళ్లలో చూడాలని ఆమె ఇరవై రెండేళ్లు ఎదురుచూసింది. తీరా వచ్చేసరికి తీసుకునే అర్హత లేదనిపించి తల దించుకుంది.

"తల ఎత్తు," అన్నారు రచయిత్రిగారు. అప్పటిదాకా ఉన్న 'మీరు' ఎటు పోయిందో పోయింది. "నేను మా అక్కను కాగితం మీద కూడా పోగొట్టుకున్నాననుకున్నాను. నువ్వు దాన్ని జిగురు పెట్టి దాచావు. తెలిసి చేశావా, తెలియక చేశావా అని నేను అడగను. ఇన్ని ఉత్తరాలు రాసినవాళ్లందరి దగ్గరా అది బతికే ఉంది. నా ఒక్కదాని దగ్గరే లేదు."

రెండువందల పన్నెండో కాగితాన్ని ఆవిడ చదవకుండానే మడతపెట్టారు. లైనింగు గుడ్డ అంచు ఎత్తి, నది కిందికి జరిపి, మళ్లీ గుడ్డ సర్దేశారు. పెన్ను మూత తీసి అనుమతి పత్రం మీద పెట్టారు. కానీ సంతకం చెయ్యలేదు.

"సంతకం పెడతాను. ఒక షరతు మీద."

"చెప్పండమ్మగారూ. నియమాలు మార్చమంటే మారుస్తాను, పడవక్కను తీసెయ్యమంటే..."

"నోర్మూసుకుని విను. నేనూ ఆడతాను." బల్ల మీద వరుసగా పేర్చి ఉన్న అయిదు భాగాలనూ ఆవిడ ఒక్కొక్కటే తీసి తన గుడ్డసంచీలో వేసుకున్నారు. రాతప్రతి కట్టను కూడా. సంచీ మూతి బిగించి కుర్చీ కింద పెట్టి, దాని మీద కర్ర అడ్డం పెట్టారు. డబ్బాలోంచి ఒక తెల్లగుండీ ఏరి ఆవలి ఒడ్డున నిలబెట్టారు. "ఇది నేను. ఒడ్డున నిలబడి ఉన్నాను. ఇరవై రెండేళ్లుగా నిలబడి ఉన్నాను. పొగమంచు. తెడ్డు చప్పుడు వినిపిస్తోంది. ఇప్పుడు నాకేం కనిపిస్తోందో చెప్పు."

ప్రూఫురీడరమ్మ చెయ్యి అలవాటుగా పుస్తకాల వైపు వెళ్లింది. అక్కడ ఖాళీ బల్ల తగిలింది.

"అమ్మగారూ, నాకు రాయడం రాదండీ. ఒకరు రాసింది దిద్దడమే వచ్చు."

"రాయమని ఎవరన్నారు? ఏం కనిపిస్తోందని అడిగాను."

"వదినా," అంది ఆడపడుచు మెల్లగా. "తలుపు తియ్యి వదినా. ఈ ఒక్కసారికి."

టైలరు మావయ్య ఇత్తడి తొడుగును బాబిన్ మూతలో కూర్చోబెట్టి, నీలం గుడ్డ మీదుగా జరుపుకుంటూ తెచ్చి, ఒడ్డుకు వేలెడు దూరంలో వదిలేసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మిగిలిన దూరం ఆమెదే. కింద షాపులో ఎవరో కొలతలు ఇవ్వడానికి వచ్చి పిలుస్తున్నారు. ఆయన పలకలేదు.

ప్రూఫురీడరమ్మ కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకుంటే పేజీలు కనిపించడం ఆమెకు అలవాటు. ఇవాళ పేజీ కనిపించలేదు. తెల్లగా పొగమంచు ఉంది. అందులో ఏదో కదిలింది. ఆమె చూపుడువేలితో పడవను ఆ కాస్త దూరమూ తోసింది.

"పడవ ఒడ్డుకు తగిలింది," అంది. మొదటి మాట తడబడుతూ వచ్చింది, రెండోది కాస్త సాఫీగా వచ్చింది. "పడవక్క లేచి నిలబడింది. ఇంత ఆలస్యమా అని మిమ్మల్ని తిడుతోంది. చెయ్యి ఇంకా అందివ్వలేదు. అందివ్వలేదు గానీ... రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయమ్మగారూ. తెడ్డు ఆవిడ దగ్గర లేదు. వెనక ఇంకెవరో తెడ్డు పట్టుకుని కూర్చున్నారు."

ఆ నదినీ, ఆ పడవనూ, ఏడు రేవుల్లో తిరిగే ప్రతి మనిషినీ పుట్టించిన రచయిత్రిగారు కుర్చీ అంచుకు జరిగారు. చిన్నప్పుడు వాగు ఒడ్డున ఎలా నిలబడి ఉంటారో అలా, రెండు చేతులతో బల్ల పట్టుకుని, ఏమీ తెలియని గొంతుతో అడిగారు.

"ఎవరు?"